తొమ్మిదికి దొరకని తప్పు

తొమ్మిదంత నంగనాచి అంకె ఇంకోటి లేదు. ఈ సంగతి నాకు యాభై తొమ్మిదేళ్లు నిండాక, ఇంకో రెండేళ్లలో రిటైరవుతాననగా తెలిసింది. అంతవరకు దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగాను.

నా పేరు కూర్మయ్య. ఓ పెద్దాసుపత్రిలో రికార్డు అసిస్టెంటుని. ఏ ఊరి ఆసుపత్రో చెప్పను, తెలిసినా మీకు ఒరిగేదేమీ లేదు. మార్చురీ రిజిస్టరు నా చేతిలోనే ఉంటుంది. ముప్పై ఒక్క ఏళ్లలో కూర్మయ్య రాసిన నంబరు ఒక్కటీ తప్పు పోలేదని ఆఫీసులో చెప్పుకునేవారు. ఎక్కువగా చెప్పుకున్నది నేనేననుకోండి, కానీ ఎవరూ కాదనలేదు.

ఆ గొప్ప నిజానికి ఆదాము మాస్టారిది. విజయనగరంలో మిషన్ బడిలో ఆరో తరగతికి ఆయనే లెక్కలు చెప్పేవారు. అప్పటికి ఆయనకి పాతికేళ్లు కూడా ఉండవు. బోర్డు మీద ఈ చివరినుంచి ఆ చివరికి ఓ పొడుగాటి సంఖ్య రాసి, మమ్మల్ని చూసి రాసుకోమనేవారు. "ఒరే, అంకెలన్నీ కూడండి. వచ్చినదాన్లో అంకెలు మళ్లీ కూడండి. ఒక్క అంకె మిగిలేదాకా కూడండి. బోర్డు మీదదానికీ మీ పుస్తకంలోదానికీ అదే మిగిలితే సరే. మిగల్లేదా, ఎక్కడో తప్పు రాసేరన్నమాట." తొమ్మిదితో భాగిస్తే మిగిలేది కూడా అదేనట. ఇరవై అంకెల సంఖ్యయినా అరనిమిషంలో తేలిపోతుంది. నాకు పూనకం వచ్చినట్టయింది. బస్సు టిక్కెట్లు, కరెంటు మీటర్లు, లారీ నంబర్లు, ఏది కనబడితే దాని అంకెలు కూడేసేవాణ్ని.

మరుసటి వారం పదకొండు చెప్పారు. కుడి చివరినుంచి మొదలుపెట్టి ఒక అంకె కలపాలి, పక్కది తీసెయ్యాలి, ఆ పక్కది కలపాలి, అలా చివరిదాకా పోయి, వచ్చినదాన్ని పదకొండుతో భాగించి మిగిలింది చూడాలి. "తొమ్మిది ఒక్కటీ సాలదర్రా, పదకొండుతో కూడా సూడాలి" అన్నారు. ఎందుకో కూడా చెప్పే ఉంటారు. నాకు ఆ కలపడం తీసెయ్యడం చిరాకనిపించింది. తొమ్మిది చాల్లే అనుకున్నాను. అంతే, బద్ధకం. దానికి ఇంకో పేరు పెట్టను.

పోయిన ఆగస్టు పదిహేడున రాజాం అవతల ఒక రసాయనాల కంపెనీలో ట్యాంకు పేలింది. పదకొండుమంది కాలిపోయారు. పదకొండు శవాలూ మా మార్చురీకే వచ్చాయి. ఒక్కోదానికి పోలీసులు పదిహేనంకెల నంబరు వేసి బిళ్ల కట్టారు. జిల్లాకి రెండంకెలు, స్టేషనుకి మూడు, తేదీకి ఆరు, ఆ ఏటి వరుసకి నాలుగు. మొదటి శవం 120411708230045. అక్కణ్నించి వరసగా యాభై ఐదు వరకు. నంబరు చూస్తే మనిషిని చూసినట్టుండదు. అందుకే మాలాంటివాళ్లు ఆ గదిలో ఉద్యోగం చెయ్యగలుగుతారు.

తొమ్మిదిమందిని వాళ్లవాళ్లు గుర్తుపట్టారు. ఒకడికి ఉంగరం, ఒకడికి కట్టించుకున్న పన్ను, ఇంకొకడికి కాల్లో స్టీలు రాడ్డు. రెండు శవాలు మిగిలాయి, వరుసలో మొదటిదీ పదోదీ. వాటికోసం రెండు కుటుంబాలు మా వరండాలో కూర్చున్నాయి.

ఒకామె అసిరమ్మ. భోగాపురం అవతల సముద్రపొడ్డున ఉంటుంది, చేపలు అమ్ముతుంది. మొగుడు ఎప్పుడో వేటకెళ్లి తిరిగి రాలేదు. కొడుకు ఎర్రన్నని తెప్ప ఎక్కనివ్వనని ఒట్టు పెట్టించుకుని, ఒడ్డు మీద పనే మేలని ఈ కంపెనీలో మూటలు మొయ్యడానికి పంపింది. ఇరవై రెండేళ్లవాడు.

రెండోవారు ఆదాము మాస్టారు. నన్ను చూడగానే, "కూర్మయ్యవి కదరా" అన్నారు. డెబ్భై ఏళ్ల మనిషి, నలభై ఏడేళ్ల తర్వాత గుర్తుపట్టారు. ఆయనకి పెళ్లయిన చాన్నాళ్లకి పుట్టిన ఒక్క కొడుకు, స్టాన్లీ, ఆ కంపెనీలో కెమిస్టు. మాస్టారు పక్కన కూర్చున్నాను. ఇద్దరి దగ్గరా రక్తం తీసి డీఎన్ఏ పరీక్షకి పంపారు.

మూడు వారాలకి రెండు ఉత్తరాలొచ్చాయి. మొదటి ఉత్తరంలో ఉన్నది ఇది: 120411708230054 నంబరు శవం అసిరమ్మ కొడుకుది. నేను అప్పగింత చీటీ రాయడానికి కూర్చున్నాను. బయట గోల, లోపల డాక్టరుగారి కేకలు, కిటికీకి టీవీవాళ్లు వేలాడుతున్నారు. రాశాను. రాశాక అలవాటు ప్రకారం ఉత్తరంలో అంకెలు కూడాను. ముప్పై ఎనిమిది, మూడూ ఎనిమిదీ పదకొండు, ఒకటీ ఒకటీ రెండు. చీటీలో అంకెలు కూడాను. ముప్పై ఎనిమిది, పదకొండు, రెండు. ఎర్ర సిరాతో టిక్కు కొట్టాను.

చీటీలో నేను రాసింది నలభై ఐదు.

నలభై ఐదు బిళ్ల ఉన్న మూట తెచ్చి బల్ల మీద పెట్టారు. అసిరమ్మ దాన్ని తలనుంచి కాళ్లదాకా చూసింది. పాదాల దగ్గర బల్ల మీద చెయ్యి పెట్టి, మళ్లీ తల దగ్గరికి వచ్చింది.

"బాబూ, ఈడు మా గుంటడు కాదు" అంది. "మావోడు నా బుజం దాటడు. ఇదేటి, ఇంత పొడుగున్నాది?"

"గుడ్డలో సుట్టినప్పుడు అలాగే ఉంటాదమ్మా."

"నాకు తెలీదేటి బాబూ నా కొడుకు పొడుగు? కన్నదాన్ని."

నాకు ఒళ్లు మండింది. నా ముప్పై ఒక్క ఏళ్ల నంబరుని ఒక చేపలామె కాదంటుందా? ఉత్తరం, చీటీ పక్కపక్కన పెట్టి, ఆమె కళ్ల ముందే వేలు పెట్టి అంకెలు కూడాను. రెండు. ఇక్కడా రెండు. "సూసేవా? ఎంతమంది తల్లులు సూసినా ఒకటే, నంబరు అబద్ధమాడదు" అన్నాను. ఉత్తరం చివర ఐదూ నాలుగూ ఉన్నాయి, చీటీ చివర నాలుగూ ఐదూ ఉన్నాయి. నా వేలు ఆ నాలుగంకెల మీదనుంచే పోయింది. కూడికలో మునిగినవాడికి వరుస కనిపించదు. ఆమెకి చదువు రాదు. ఆమె మరిది గంగులే ఆమె చెయ్యి పట్టుకుని వేలిముద్ర వేయించి తీసుకుపోయాడు.

ఇక మిగిలింది ఒక్క మూట, ఒక్క తండ్రి. ఇంకేం చూస్తాం? రెండో ఉత్తరం చదవకుండానే ఫైల్లో పెట్టి, మిగిలినదానికి బిళ్ల చూసి చీటీ రాసి మాస్టారికి ఇచ్చేశాను. జీవితమంతా అంకెలతో బతికిన మనిషి ఆ రోజు బిళ్ల వంక చూడలేదు. మూట మీద చెయ్యి వేసి, "పదరా నాన్నా, ఇంటికెళ్దాం" అన్నారు. విజయనగరంలో, చర్చివాళ్ల సమాధుల తోటలో పాతిపెట్టారు. నేనూ వెళ్లాను. మట్టి కూడా వేశాను.

ఆ తర్వాత సోమవారంనుంచి వారంవారం అసిరమ్మ రావడం మొదలుపెట్టింది. భోగాపురంనుంచి రెండు బస్సులు మారి వచ్చి, నా కిటికీ దగ్గర నిలబడేది.

"బాబూ, మా గుంటడి నెంబరు ఇంకోపాలి సూడవా?"

"సూసేనమ్మా."

"ఆడు కాదు బాబూ. ఏ ఆసుపత్రిలో పడున్నాడో, మాట పోయిందో, మతి పోయిందో. ఓపాలి సూడు."

మొదట్లో నెమ్మదిగా చెప్పేవాణ్ని. తర్వాత కసిరాను. ఒకసారి వాచ్‌మన్‌ని పిలిచి బయటికి పంపించాను కూడా. గంగులు కనబడితే అడిగాను, ఏమిటయ్యా ఈ గోల అని. "ఏటి సెప్పమంటారు బాబూ, ఆ రోజు కాట్లో కూడా అలాగే సేసింది. నోట్లో బియ్యం గింజెయ్యమంటే ఎయ్యనేదు. ఎవుడి పీనుగో నాకెందుకని సంద్రం ఏపు తిరిగి కూకుంది. ఇప్పుడు రోజూ సాయంత్రం రోడ్డు మీదకెల్లి రాజాం బస్సు దిగినోళ్ల మొకాలు సూస్తాది. పిల్లలు పిచ్చిదని రాళ్లేస్తన్నారు" అన్నాడు. అయ్యో అనుకున్నాను. అనుకుని, టీ తాగడానికి వెళ్లాను.

ఏడు నెలలు గడిచాయి. పేలుడు మీద విచారణ సంఘం వేశారు, కాగితాలన్నీ కంప్యూటర్లో ఎక్కించి పంపమన్నారు. కొత్తగా వచ్చిన ఆపరేటరు తులసి టైపు చేస్తోంది.

"మావయ్యా, ఉత్తరంలో యాభై నాలుగుంది. మీ చీటీలో నలభై ఐదుంది. ఏది కొట్టమంటారు?"

"రెండూ ఒకటేనే. కూడి సూడు."

"కూడితే ఒకటే మావయ్యా. నంబర్లు వేరు కదా?"

నేను కళ్లజోడు సవరించుకుని ఆ రెండు కాగితాలూ తీసుకున్నాను. కూడాను. రెండు. మళ్లీ కూడాను. రెండు. అప్పుడు, నలభై ఏడేళ్ల తర్వాత, మొదటిసారి పదకొండుతో చూశాను. ఐదు కలిపి నాలుగు తీసేసి, అలా ఎడమ చివరిదాకా వెళ్లాను. నలభై ఐదుకి ఒకటి మిగిలింది. యాభై నాలుగుకి పది మిగిలింది.

ఒకటి. పది. రెండో ఉత్తరం తీశాను, ఏడు నెలలుగా ఎవరూ చదవని ఉత్తరం. 120411708230045 శవం ఆదాము మాస్టారి కొడుకుది అని స్పష్టంగా ఉంది.

ఎందుకు మోసపోయానో అప్పుడు అర్థమైంది. పక్కపక్క అంకెలు చోట్లు మార్చుకుంటే సంఖ్య మారుతుంది గానీ, వచ్చే తేడా తొమ్మిది గుణిజమే. తొమ్మిదికి ఆ తేడా కనబడదు, ఎప్పటికీ కనబడదు. పైగా వరసగా పదకొండు నంబర్లు, తొమ్మిదితో వచ్చే శేషాలేమో తొమ్మిదే. మొదటిదానికీ పదోదానికీ, రెండోదానికీ పదకొండోదానికీ ఒకే శేషం వచ్చి తీరాలి. ఆరో తరగతి పిల్లాడికి తెలుస్తుంది. నాకు తట్టలేదు.

ఆ సంగతి తులసికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆ పిల్లకీ సగమే తెలుసు. రెండు చీటీల్లోనూ ఆ చివరి రెండంకెలు దిద్దేస్తే కాగితాలన్నీ సరిపోతాయి, ఇంక ఎవరూ అడగరు. పెన్ను తీశాను. అబద్ధం ఎందుకు చెప్పాలి, మూత కూడా తీశాను.

"బాబూ" అంది కిటికీలోంచి అసిరమ్మ. ఆ రోజు సోమవారమని మరిచిపోయాను. చిక్కి సగమైపోయింది. "ఇంకోపాలి సూడవా?"

కసరడానికే నోరు తెరిచాను. "ఇంటికెల్లమ్మా, నేనే వస్తాను" అన్నాను. నమ్మలేనట్టు చూస్తూ వెళ్లింది. పెన్నుకి మూత పెట్టాను.

ముందు ఆమె దగ్గరికే వెళ్లాల్సింది. ధైర్యం చాలలేదు. ఆ సాయంత్రమే విజయనగరం వెళ్లి మాస్టారి తలుపు తట్టాను. ఆయన ఒక్కరే ఉన్నారు. బల్ల మీద మరునాటికోసం బంతిపూలు తడిగుడ్డలో చుట్టి ఉన్నాయి. ఆదివారం ఒక్కటే కాదు, మధ్యలో మనసు లాగినప్పుడల్లా సమాధి దగ్గరికి వెళ్తున్నారట. ఏం చెప్పలేక ఒక కాగితం మీద ఆ రెండు సంఖ్యలూ రాసి ఆయన ముందు పెట్టాను.

"లెక్కేటిరా ఇది, ఈ వయసులో?" అని నవ్వబోయి, పెన్సిల్ తీసుకున్నారు. "ఇది రెండు. ఇదీ రెండు." అక్కడితో ఆగలేదాయన. ఎవరూ చెప్పకుండానే కుడి చివరికి వెళ్లి కలపడం, తీసెయ్యడం మొదలుపెట్టారు. "ఇది ఒకటి. ఇది... పది. ఐదూ నాలుగూ తిరగేసి ఎక్కించేడెవడో. ఎక్కడివిరా ఈ నంబర్లు?"

చెప్పాను. మొత్తం చెప్పాను.

ఆయన పెన్సిల్ కిందపెట్టారు. తర్వాత అడిగారు.

"ఆవిడ దహనం సేసిందా?"

"సేసారండి."

"బూడిద?"

"సముద్రంలో కలిపేరు."

"అయితే నా స్టాన్లీ లేడన్నమాట. ఎక్కడా లేడు." తడిగుడ్డ కేసి చూశారు. "మరి నేను పూలు పెడుతున్నదెవరికిరా?"

"ఎర్రన్న అండి. అసిరమ్మ కొడుకు."

"నీకు పదకొండు నేర్పేను కదరా, కూర్మయ్యా."

"నేర్పేరండి."

"మరి?"

కొడతారేమో, కొడితే బాగుండుననుకున్నాను. ఆయన లేచి చొక్కా తగిలించుకున్నారు. మళ్లీ కూర్చుండిపోయారు. "పొద్దున్న మొదటి బస్సుకెల్దాం. ఆ తల్లికి మనిద్దరం సెప్పాలి" అన్నారు.

మర్నాడు మేం వెళ్లేసరికి అసిరమ్మ గుమ్మం ముందు ఇసుకలో ఎండుచేపలు పరుస్తోంది. నన్ను చూడగానే లేచి నిలబడింది. ఏడు నెలల్లో నేను ఆమె గుమ్మం తొక్కడం అదే మొదలు.

"అమ్మా, తప్పు నాదే. నువ్వు సెప్పిందే నిజం. ఆ రోజు నీకిచ్చింది మీవోడు కాదు" అన్నాను.

ఆమె ముఖం ఎలా వెలిగిందో నేను చెప్పలేను. చేతిలో చేపలు పారేసి పక్కింటికేసి అరిచింది. "ఒసే గౌరీ! రాయే! నాను సెప్పలేదేటే! ఆడు మా గుంటడు కాదని సెప్పలేదేటి! పిచ్చిదన్నారు కదే నన్ను! ఇదిగో, నెంబరు బాబే వొచ్చి సెప్తన్నాడు!" నా రెండు చేతులూ పట్టుకుంది. "మావోడేడి బాబూ? ఎక్కడున్నాడు? తీసుకొచ్చేరా?"

ఓరి దేవుడా. ఇది నేను అనుకోలేదు. తప్పు ఒప్పుకోవడం గురించే దారంతా ఆలోచించాను. తన కొడుకు బతికున్నాడని అంటున్నానని ఆమె అనుకుంటుందని నాకు తట్టలేదు.

"పదకొండుమంది అమ్మా. పదకొండుమందీ పోయేరు" అన్నాను. "మీవోడి మూట ఈ మాస్టారికి ఇచ్చేసేను. వాళ్లది నీకిచ్చేసేను. ఎర్రన్న విజయనగరంలో సమాధిలో ఉన్నాడు."

చేతులు వదిలేసింది. గౌరి అప్పటికే పరిగెత్తుకొచ్చి నిలబడింది, ఏం జరిగిందో తెలియక నవ్వుతూ. అసిరమ్మ నన్ను వదిలేసి మాస్టారి వంక చూసింది. తలనుంచి కాళ్లదాకా చూసింది, ఆ రోజు మూటని చూసినట్టే. మాస్టారు కూడా పొడుగే.

"ఆ పొడుగు గుంటడు మీవోడా బాబూ?"

"అవునమ్మా."

"పేరేటి?"

"స్టాన్లీ."

ఆమె ఇసుకలో కూలబడింది. "నోట్లో గింజెయ్యనేదు బాబూ. తాకనేదు. ఎవుడి పీనుగో నాకెందుకన్నాను. బూడిద కలిపేటప్పుడు కూడా ఎల్లనేదు. ఒక్క సుక్క రాల్చనేదు. ఎవులూ ఏడవనేదు బాబూ మీ గుంటడికి."

మాస్టారు నెమ్మదిగా ఆమె ఎదురుగా ఇసుకలోనే కూర్చున్నారు.

"మీవోడికి నేను ఏడ్చేనమ్మా" అన్నారు. "కొడుకనే అనుకుని ఏడ్చేను. ఒక్క వారం కూడా మానలేదు."

ఆమె తల తిప్పింది. మాకేసి కాదు, నీళ్లకేసి. మా వైపు చావొస్తే ఆడవాళ్లు పోయినవాడి పేరెత్తి, వాడి చిన్నప్పటినుంచీ చెప్పుకుంటూ గొంతెత్తి ఏడుస్తారు. ఏడు నెలలు బిగబట్టినది ఆమె ఇప్పుడు ఎత్తింది. కొడుకు పేరు కాదు. "ఓ టాన్లీ బాబో... ఓ పొడుగు నాయినో..." అని ఎత్తుకుంది. ఆ పిల్లాడి గురించి ఆమెకి ఒక్క ముక్క తెలియదు, అందుకని మాస్టారిని అడుగుతూ ఏడ్చింది. ఏటి తినేవోడు బాబూ. సదువెంత బాబూ. మాస్టారు చెబుతున్నారు. పప్పుచారు ఇష్టం అమ్మా. ఎమ్మెస్సీ అమ్మా. లెక్కల్లో నూటికి నూరు. ఆమె ఒక్కొక్కటీ అందుకుని శోకంలో కలుపుతోంది.

నేను చీటీ జేబులో పెట్టుకుని నిలబడ్డాను. ఎండుచేపల మీద కాకులు వాలుతుంటే గౌరి వాటిని తోలుతూ ఏడుస్తోంది.

ఎర్రన్న పేరు ఆమె చాలాసేపటికి గాని ఎత్తలేదు.